ఒకరోజు పశువైద్యం చూడాలంటే: కాలేజీ ఆస్పత్రా, పెట్ క్లినిక్కా, మండల ఆస్పత్రా?

ఇంటర్ రిజల్ట్స్ వస్తే చాలు, బైపీసీ పిల్లల అమ్మానాన్నలు జువాలజీ చెప్పే నన్ను ఒకటే అడుగుతారు: "సార్, మావాడు వెటర్నరీ అంటున్నాడు. తట్టుకోగలడో లేదో ఒకరోజు డాక్టర్ల పక్కన నిలబెట్టి చూద్దామనుకుంటున్నాం. ఎక్కడికి పంపమంటారు?" అడగాల్సిన ప్రశ్నే. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల కోర్సు మరి.

తిరుపతిలో అందరి చూపూ ముందు వెటర్నరీ యూనివర్సిటీ వైపే పోతుంది. 1955 నుంచీ వెటర్నరీ కాలేజీ ఊళ్లోనే ఉందాయె. ఆ ఆస్పత్రిలో ఒక్కపూటలో కనిపించినన్ని రకాల కేసులు ఇంకెక్కడా దొరకవు. ఆవు, ఎనుము, గొర్రె, కుక్క అన్నీ వస్తాయి. వీలు కుదిరితే ఆవు కడుపులోంచి ప్లాస్టిక్ తీసే ఆపరేషన్ కూడా చూడొచ్చు. ఆవును నిలబెట్టే ఉంచి, ఎడమ డొక్క దగ్గర మత్తు సూదులు వేసి, కోసి, పెద్దపొట్టలోంచి కవర్లూ తాళ్లూ బయటికి లాగుతారు. రక్తం, వాసన తట్టుకోగలనా అన్న అనుమానం తేలాలంటే ఇదే సరైన చోటు. చిక్కల్లా జనంతోనే. మధ్యలో ప్రొఫెసర్, చుట్టూ పీజీలు, వాళ్ల వెనక ఇంటర్న్‌లు, ఆ వెనక మనవాడు. వీపులు తప్ప ఆవు కనిపించదు. డాక్టరు రైతుతో ఏమన్నాడో అసలే వినిపించదు.

నా లెక్కలో ఆ వినిపించడమే ముఖ్యం. పశువు నోరు విప్పి చెప్పలేదు కాబట్టి సగం వైద్యం రైతును అడగడంలోనే ఉంటుంది. అందుకే నా ఓటు చంద్రగిరి, పాకాల వైపు ఏదైనా మండల పశువైద్యశాలకు. అక్కడ ఒక డాక్టరు, ఒకరిద్దరు సిబ్బంది ఉంటే ఎక్కువ. మనవాడు మూరెడు దూరంలో నిలబడొచ్చు. పశువు కాలో తోకో పట్టుకోమని పిలిచినా పిలుస్తారు.

"ఆవు పడుకుంది, లేవడం లేదు సార్" అంటాడు రైతు. డాక్టరు పశువును ముట్టుకోకముందే అడుగుతాడు: ఈని ఎన్నాళ్లయింది? ఎన్నో ఈత? పాలెన్ని ఇస్తుంది? మొన్నే ఈనింది, నాలుగో ఈత, పాలు బాగా ఇస్తుంది అన్న జవాబులు వచ్చేసరికే పాలజ్వరం అని అనుమానం సగం బలపడుతుంది. తర్వాత చూస్తే చెవులు చల్లగా ఉంటాయి, మెడ పక్కకు తిప్పి పడుకుని ఉంటుంది. కాల్షియం బాటిల్ నరానికి పెట్టి, గుండె చప్పుడు వింటూ మెల్లగా ఎక్కిస్తారు. తొందరపడితే గుండె ఆగిపోవచ్చు. చాలాసార్లు ఆవు కాసేపటికే లేచి నిలబడుతుంది. పుస్తకంలో ఒక పేరాగా చదివేది కళ్ల ముందే జరుగుతుంది.

ఇంకో రకం కేసులో రైతు నిజం చెప్పడు. కడుపు ఉబ్బింది, నెమరు లేదు, మేత ముట్టలేదు అంటాడు. ఏం పెట్టావంటే "ఎప్పుడూ పెట్టేదే సార్". నాలుగుసార్లు తిప్పి తిప్పి అడిగితే గానీ, కల్యాణమండపంలో మిగిలిన అన్నం బకెట్లతో తెచ్చి పెట్టిన సంగతి బయటికి రాదు. అంత అన్నం ఒక్కసారిగా తింటే పెద్దపొట్టలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. కోప్పడితే రైతు నోరు మూసుకుంటాడు, మెత్తగా అడిగితే చెప్తాడు. ఈ ఓపిక తనకుందా లేదా అన్నదే పిల్లవాడు తేల్చుకోవాల్సింది. రక్తానికి కొన్నాళ్లకు ఎవరైనా అలవాటు పడతారు.

డబ్బు మాట కూడా ఇక్కడే వినపడుతుంది. పాలమీద బతికే ఇంట్లో ఆవుకు ఇంకా ఎంత ఖర్చు పెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఇంటివాళ్లు డాక్టరు ఎదుటే లెక్క వేసుకుంటారు. అది వినడం కష్టంగానే ఉంటుంది.

పెట్ క్లినిక్‌కు వంక పెట్టను. శుభ్రంగా ఉంటుంది, ఇంట్లోవాళ్లకు టెన్షన్ ఉండదు, డాక్టరు మాటలూ దగ్గరగా వినొచ్చు. టీకాలు, నట్టల మందులు, పిడుదుల జ్వరం, పార్వో వైరస్ పట్టిన కుక్కపిల్లలకు సెలైన్. కుక్కల వైద్యమే చేస్తానని గట్టిగా ఉన్న పిల్లలకు సాయంత్రం పూట అక్కడే నయం. కానీ చాలామంది పిల్లలు కుక్కంటే ఇష్టంతోనే వెటర్నరీ అంటారు, ఆ ఇష్టంతోనే తిరిగొస్తారు. పరీక్ష జరగలేదన్నమాట.

జూపార్క్ అడుగుతారు కొందరు. అనుమతి దొరికినా పులికి వైద్యం చేసే రోజే మనం వెళ్లాలి కదా. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్స్ మంచిదే, బండిలో చోటుండాలి.

పంపేముందు పిల్లవాడు చదివే కాలేజీ నుంచి ఒక లెటర్ తీసుకుని డాక్టరుగారిని స్వయంగా కలిసి అడగండి. ఉదయం పాలు పితికాక పశువులు ఎక్కువగా వస్తాయి, ఆలోపే చేరుకోవాలి. పాత బట్టలు, మూసి ఉండే బూట్లు. ఆవు కాలు పక్కకు కూడా విసురుతుంది, భుజం దగ్గర నిలబడమనండి. ఒక్కటి మాత్రం ఖచ్చితంగా చెప్పండి: చొంగ కారుస్తూ అరుస్తున్న పశువు నోట్లో, గొంతులో ఏదో అడ్డం పడిందని చెయ్యి పెట్టకూడదు. అది రేబిస్ కావచ్చు.