ఆర్చర్ సి7 మీద ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ: మూడు వానాకాలాల వాడకం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు ఇంటర్నెట్‌కు రెండు గండాలు: కరెంటు, తీగ. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ లాంటి తుపానే అక్కర్లేదు, మామూలు ఈదురుగాలికి చెట్టుకొమ్మ విరిగి పడినా స్తంభాల మీది ఫైబరు తెగుతుంది. ఇలాంటి చోట పాత టీపీ-లింక్ ఆర్చర్ సి7 వి2 రూటరు, కంపెనీ ఫర్మ్‌వేర్ (రూటరు లోపలి సాఫ్ట్‌వేర్) బదులు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్‌తో ఎలా పనిచేసిందన్నదే ఈ సమీక్ష. వైఫై ఇంకో గది దూరం వెళ్తుందన్న ఆశతో మాత్రం ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఎక్కించకండి. రేడియో అదే, యాంటెన్నా అదే, మందపు గోడా అదే.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు అడుగున స్టిక్కరు మీద వెర్షన్ (వి1, వి2) చదవాలి. వి1 అయితే వద్దు, దాని 5 గిగాహెర్ట్జ్ చిప్‌కు డ్రైవరు మద్దతు లేదు. వి2లో 16 ఎంబీ ఫ్లాష్ (ఫర్మ్‌వేర్ నిలిచే మెమరీ), 128 ఎంబీ ర్యామ్ ఉంటాయి, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ 24.10 వెర్షన్ హాయిగా పడుతుంది. ఇళ్లలో మూలపడి ఉన్న టీపీ-లింక్ డబ్ల్యుఆర్841ఎన్ రూటరు పాత వెర్షన్లలో 4 ఎంబీ ఫ్లాషే ఉంటుంది. వాటి మీద శ్రమ దండగ.

ఎక్కించే ముందు రూటరును ఇన్వర్టరు లైనుకు మార్చి, ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో కలపాలి. మొదటిసారికి ‘ఫ్యాక్టరీ’ ఫైలు, తరువాతి అప్‌గ్రేడ్లకు ‘సిస్‌అప్‌గ్రేడ్’ ఫైలు. ఫైలు పేరు పొడవుగా ఉంటే రూటరులోని కంపెనీ అప్‌గ్రేడ్ పేజీ తిప్పికొట్టొచ్చు, పొట్టిగా మార్చండి. అయినా ఒప్పుకోకపోతే టీఎఫ్‌టీపీ దారి ఉంది, అంటే రూటరు ఆన్ అవుతూనే ల్యాప్‌టాప్‌లోని టీఎఫ్‌టీపీ సర్వరు నుంచి ఫైలు లాక్కోవడం: ల్యాప్‌టాప్ ఐపీ 192.168.0.66గా పెట్టి, ఫైలుకు ‘ArcherC7v2_tp_recovery.bin’ అని పేరిచ్చి, రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేయాలి. కొన్నింటి బూట్‌లోడరు (ఆన్ కాగానే ముందు నడిచే చిన్న ప్రోగ్రాము) వి2 బదులు వి3 పేరు అడుగుతుంది కాబట్టి రెండు పేర్లతోనూ కాపీ ఉంచండి. మధ్యలో కరెంటు పోయి రూటరు మొరాయించినా బతికించేది ఇదే దారి.

ఎక్కాక వైఫై కనబడదు. పాడైందని కంగారు వద్దు, మొదట అది ఆఫ్‌లోనే ఉంటుంది. కేబుల్‌తోనే బ్రౌజరులో 192.168.1.1 తెరిచి, ‘root’ అనే యూజరు పేరుతో లోపలికెళ్లి ముందు పాస్‌వర్డ్ పెట్టండి. ఫైబరు డబ్బా (ఆపరేటరు పెట్టే మోడెం) అడ్రసు కూడా 192.168.1.1 అయితే రెండూ కొట్టుకుని నెట్ రాదు. మన ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) అడ్రసును 192.168.5.1కి మార్చితే సరి. కొందరు కేబుల్ ఆపరేటర్లు పాత రూటరు మ్యాక్ అడ్రసుకే (పరికరం గుర్తింపు నంబరు) లైను కట్టి ఉంచుతారు. అప్పుడు ఆ నంబరు వ్యాన్ (బయటి లైను) డివైస్ సెట్టింగుల్లో వేయాలి.

అసలు లాభం యూఎస్‌బీ పోర్టులో ఉంది. ఆండ్రాయిడ్ ఫోను టెదరింగ్ (ఫోను నెట్‌ను రూటరుకు ఇవ్వడం) కోసం ‘kmod-usb-net-rndis’ ప్యాకేజీ వేసి, యూఎస్‌బీ0 మీద డీహెచ్‌సీపీ (ఐపీ దానంతటదే అందే పద్ధతి) ఇంటర్‌ఫేస్ చేసి, దాన్ని వ్యాన్ ఫైర్‌వాల్ జోన్‌లో చేర్చాలి. గేట్‌వే మెట్రిక్ వ్యాన్‌కు 10, ఫోనుకు 20, తక్కువ ఉన్నదానికే మొదటి ప్రాధాన్యం. పీపీపీఓఈ (మన రూటరే యూజరు పేరు, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే) లైను తెగితే ఆ రూటు (నెట్ దారి) దానంతటదే పోయి, నెట్ ఫోను మీదికి మారుతుంది. అదే ఫైబరు డబ్బా తానే లాగిన్ అయ్యి మనకు డీహెచ్‌సీపీ ఇస్తుంటే ఈ పద్ధతి పనిచేయదు. బయట తీగ తెగినా మన కేబుల్ బతికే ఉంటుంది, రూటు పోదు. అక్కడ ఎమ్‌వ్యాన్3 అనే ప్యాకేజీ తప్పనిసరి, బయటి ఐపీకి పింగ్ కొట్టి లైను చచ్చిందని అదే పసిగడుతుంది. ఫోను రీస్టార్ట్ అయితే టెదరింగ్ మళ్లీ చేత్తో ఆన్ చేయాలి, ఇది చికాకే.

రెండో లాభం ఎస్‌క్యూఎమ్, అంటే లైను నిండిపోకుండా ట్రాఫిక్‌ను క్రమంలో పంపే ఏర్పాటు. పిల్లల క్లాసు నడుస్తుండగా ఎవరో పెద్ద ఫైలు దించితే మాట తెగిపోయే జబ్బు దీంతో పోయింది. 100 ఎంబీపీఎస్ ప్లానుకు పీపీపీఓఈ-వ్యాన్ మీద కేక్ (ఎస్‌క్యూఎమ్‌లో ఎంచుకునే పద్ధతి), దించుకోవడానికి 90000 కేబీపీఎస్, ఎక్కించడానికీ అంతే, ఓవర్‌హెడ్ (ప్రతి ప్యాకెట్‌కు కలిసే అదనపు బైట్లు) 44. ఫైర్‌వాల్‌లోని సాఫ్ట్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడింగ్ (ట్రాఫిక్‌కు అడ్డదారి) తీసేయాలి, ఉంటే ట్రాఫిక్ కేక్‌ను తప్పించుకుపోతుంది. ప్రాసెసరు 720 మెగాహెర్ట్జ్ ఒకే కోరు. పైగా కంపెనీ ఫర్మ్‌వేర్‌లోని హార్డ్‌వేర్ న్యాట్ (ప్రాసెసరు మీద భారం తగ్గించే సౌకర్యం) ఇందులో ఉండదు. 300 ఎంబీపీఎస్ ప్లాను ఉన్నవారు ఈ రూటరు జోలికి రావద్దు.

స్తంభం నుంచి రాగి ఈథర్‌నెట్ లాగిన ఇళ్లలో పిడుగుకు ముందు పోయేది వ్యాన్ పోర్టు. రూటరు పారేయకండి. నెట్‌వర్క్ మెనూలో స్విచ్ పేజీ తెరిచి (అక్కడ వీల్యాన్ 1 ఇంటి వైపు పోర్టుల గుంపు, వీల్యాన్ 2 బయటి వైపుది), వీల్యాన్ 1 వరుసలో ల్యాన్ 4ను ఆఫ్ చేసి, వీల్యాన్ 2 వరుసలో అన్‌ట్యాగ్డ్ పెడితే ల్యాన్ 4 వ్యాన్ అవుతుంది. కంపెనీ ఫర్మ్‌వేర్‌లో ఈ వెసులుబాటు లేదు.

అడాప్టరు 12 వోల్టులు, 2.5 ఆంపియర్లు. బ్యాకప్‌కు మినీ యూపీఎస్ కొనేటప్పుడు ఆంపియర్లు తగ్గనివ్వకండి. టెదరింగ్ ఫోను కూడా రూటరు యూఎస్‌బీ పోర్టు నుంచే చార్జవుతుంది, కరెంటు చాలకపోతే రూటరు దానంతటదే రీస్టార్టవుతుంది.