హ్యాంక్ విలియమ్స్ ఊళ్లలో రెండు రోజులు

అట్లాంటా నుంచి మాంట్‌గోమరీకి కారులో సుమారు రెండున్నర గంటల ప్రయాణం. అలబామాలో అడుగుపెట్టగానే గడియారం ఒక గంట వెనక్కి జరుగుతుంది కనుక, ఎనిమిదికి బయలుదేరిన మేము తొమ్మిదిన్నరకే కామర్స్ వీధికి చేరుకున్నాము. అమెరికన్ కంట్రీ సంగీత గాయకుడు హ్యాంక్ విలియమ్స్ మ్యూజియం ఉన్నది ఆ వీధిలోనే.

అందరూ చూడటానికి వచ్చేది అక్కడి లేతనీలి కాడిలాక్ కారును. 1953 జనవరి 1న ఒహాయోలోని కాంటన్‌లో కచేరీకి వెళ్తూ, ఈ కారు వెనుక సీట్లోనే, ఇరవై తొమ్మిదేళ్లకే ఆయన కన్నుమూశాడు. 1949 జూన్‌లో నాష్‌విల్‌లోని కంట్రీ సంగీత రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదికపై తొలిసారి పాడినప్పుడు జనం మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. పుట్టుకతో వచ్చిన వెన్నెముక లోపం, దాని నొప్పి, మద్యం కలిసి కచేరీలు ఎగ్గొట్టే స్థితికి తేవడంతో, 1952 ఆగస్టులో అదే ఆప్రీ ఆయనను తొలగించింది. మ్యూజియంలో దుస్తులు, ఫొటోలు చాలానే ఉన్నా, ఆ గొంతు ఎక్కడ తయారైందో తెలియాలంటే మాత్రం అరవై మైళ్లు దక్షిణంగా ఉన్న జార్జియానాకు వెళ్లవలసిందే.

అక్కడి హ్యాంక్ చిన్ననాటి ఇల్లు నేలకు ఎత్తుగా కట్టిన మామూలు చెక్క ఇల్లు. వీధుల్లో పాడి పొట్టపోసుకునే నల్లజాతి గాయకుడు రూఫస్ పేన్ ఈ ప్రాంతంలోనే బాలుడైన హ్యాంక్‌కు గిటారు నేర్పాడు. తనకు దక్కిన సంగీత శిక్షణంతా ఆయన వద్దేనని హ్యాంక్ తర్వాత చెప్పుకున్నాడు. ఒక్కచోటికే సమయముంటే నేను ఈ ఇంటినే ఎంచుకుంటాను.

బస మాత్రం మాంట్‌గోమరీలోనే పెట్టుకోవడం మేలు. మేము దిగిన హోటల్ గది శుభ్రంగానే ఉంది కానీ, ఏసీ రొద వల్ల రాత్రంతా కునుకు పట్టలేదు. ఫిర్యాదు చేస్తే గది మారుస్తామన్నారు, మార్చలేదు. శాకాహారులు భోజనం దగ్గర జాగ్రత్తపడాలి: ఆకుకూరే కదా అని ఆశగా తెప్పించుకున్న కాలర్డ్ కూరలో పంది మాంసం ముక్కలు తేలాయి. చివరికి మొక్కజొన్న రొట్టె, మేము వెంట తెచ్చుకున్న గోంగూర పచ్చడే గతి అయ్యాయి.

మరునాడు ఓక్‌వుడ్ శ్మశానంలోని హ్యాంక్ సమాధికి వెళ్లాము. రాతిలో చెక్కిన టోపీ ఒకటి దాని పాదాల వద్ద ఉంది. అభిమానులు గుర్తుగా గడ్డి పీక్కుపోతుండడంతో చుట్టూ కృత్రిమ పచ్చిక పరిచారు. 1939లో మరణించిన పేన్‌ను ఖననం చేసింది ఇదే ఊరి లింకన్ శ్మశానంలో. అక్కడ స్మారక శిల ఉన్నా, సమాధి సరిగ్గా ఎక్కడుందో చూపే గుర్తేదీ లేదు. ఆ రెండింటినీ ఒకే పూటలో, ఎండ ముదరకముందే చూసుకోవచ్చు.