ఐ2ఎస్ బోర్డా, యూఎస్‌బీ డాకా: రాస్‌బెర్రీ పై మ్యూజిక్ ప్లేయరుకు ఏది మేలు?

రాస్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు బోర్డును ఇంట్లోని ఆంప్లిఫయరుకు కలిపి పాటలు వినాలనుకునేవారు ముందుగా తేల్చుకోవలసింది ఒకటే: ఫైలులోని అంకెలను శబ్దంగా మార్చే పనిని దేనికి అప్పగించాలి? ఆ పని చేసే చిప్‌ను డాక్ అంటారు. కొత్తగా ఖర్చు పెట్టకుండా బోర్డుకు ఉన్న హెడ్‌ఫోన్ జాక్‌తో సరిపెట్టుకోవచ్చునా అని చాలామంది అడుగుతారు. తాత్కాలికంగా వినడానికి తప్ప దాన్ని నేను సిఫారసు చేయను. ఆ జాక్ వెనుక అసలైన డాక్ ఏదీ లేదు. ప్రాసెసరు ఒక పిన్నుపై అతివేగంగా పల్సులను పంపుతూ, వాటి వెడల్పును హెచ్చించి తగ్గించి శబ్దాన్ని పుట్టిస్తుంది. ఈ పద్ధతిలో దక్కే స్పష్టత సుమారు 11 బిట్లు. సీడీలో ఉన్నవి 16. పైగా 2023లో వచ్చిన పై 5లో ఆ జాక్‌నే తీసివేశారు.

కాబట్టి అసలు పోటీ రెండింటి మధ్యనే. మొదటిది 40 పిన్నుల వరుసపై నేరుగా కూర్చునే ఐ2ఎస్ బోర్డు (చిప్‌ల మధ్య డిజిటల్ శబ్దాన్ని పంపే మార్గం పేరు ఐ2ఎస్), రెండవది యూఎస్‌బీ తీగతో కలిపే డాక్. ఈ రెండింటినీ పోల్చేవారు సాధారణంగా చిప్ పేరు చూస్తారు, ధర చూస్తారు. వాటికంటే ముందు చూడవలసింది క్లాకు, అంటే అంకెలు ఏ క్షణంలో బయటికి రావాలో నిర్ణయించే సంకేతం, ఎవరి అధీనంలో ఉందన్న సంగతి అని నా దృఢమైన అభిప్రాయం.

సీడీ నాణ్యత గల పాటలో ఒక్కో చానెలుకు సెకనుకు 44,100 శాంపిళ్లు, అంటే శబ్దాన్ని కొలిచిన అంకెలు, ఉంటాయి. ప్రతి శాంపిలూ దానికి నిర్ణయించిన క్షణంలోనే బయటికి రావాలి. ఆ క్షణాలు అటూ ఇటూ కదిలితే దాన్ని జిట్టర్ అంటారు. క్లాకుకు మూలమైన లయను ఇచ్చే భాగం క్రిస్టల్. పై 3లోని క్రిస్టల్ 19.2 మెగాహెర్ట్జ్, పై 4లోనిది 54 మెగాహెర్ట్జ్. ఐ2ఎస్ మార్గానికి 44.1 కిలోహెర్ట్జ్ పాట విషయంలో సాధారణంగా కావలసింది 2.8224 మెగాహెర్ట్జ్. ఈ రెండు క్రిస్టళ్లలో దేని సంఖ్యను భాగించినా ఆ సంఖ్య శేషం లేకుండా రాదు. అందువల్ల పై తానే క్లాకు ఇవ్వవలసి వచ్చినప్పుడు భిన్నపు భాగాహారాన్ని ఆశ్రయిస్తుంది. సగటు సరిగానే ఉంటుంది కానీ ఒక్కొక్క అడుగూ సమానంగా పడదు.

పీసీఎం5102ఏ చిప్‌తో తక్కువ ధరకు దొరికే బోర్డులకు ఈ పరిమితి ఉంది. చిప్ మంచిదే. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తయారుచేసిన ఈ చిప్ 32 బిట్ల వరకు, 384 కిలోహెర్ట్జ్ వరకు స్వీకరిస్తుంది. తనకు కావలసిన అంతర్గత క్లాకును పై పంపే సంకేతం నుంచే తయారుచేసుకుంటుంది కనుక బోర్డు చౌకగా వస్తుంది. అయితే ఆ సంకేతంలోని లోపానికి కూడా అది లోబడి ఉండవలసిందే. దీనికి భిన్నంగా, పీసీఎం5122 చిప్‌తో పాటు రెండు క్రిస్టళ్లను అమర్చిన బోర్డులు ఉన్నాయి. వాటిలో 22.5792 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ 44.1 కుటుంబానికి (44.1, దాని రెట్టింపులైన రేట్లకు), 24.576 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ 48 కుటుంబానికి చెందుతాయి. ఇక్కడ బోర్డే యజమాని. అది అడిగిన వేగంతో పై డేటాను అందిస్తుంది.

పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవరు ప్రాముఖ్యం ఇక్కడే తెలుస్తుంది. ఐ2ఎస్ మార్గంలో అవతల ఏ చిప్ ఉందో పైకి తానుగా తెలియదు. బోర్డుపై గుర్తింపు మెమొరీ ఉంటే సరే, లేకపోతే పై అమరికలు ఉండే కాన్ఫిగ్ ఫైలులో ఆ బోర్డుకు తగిన ఓవర్‌లే (బోర్డు వివరాలను పైకి తెలిపే చిన్న ఫైలు) పేరును మనమే రాయాలి. పీసీఎం5102ఏకు హైఫైబెర్రీ డాక్ అనే ఓవర్‌లే, పీసీఎం5122కు డాక్‌ప్లస్ వర్గంలోని ఓవర్‌లే పనిచేస్తాయి. మరొకరి కాన్ఫిగ్ వరుసను అర్థం చేసుకోకుండా తెచ్చి అతికిస్తే ప్రమాదం ఉంది: డాక్‌ప్లస్ వరుస చివర ‘స్లేవ్’ అనే మాట ఉంటే, క్రిస్టళ్ల కోసం ఎక్కువ ధర పెట్టి కొన్న బోర్డులో కూడా క్లాకు మళ్లీ పై చేతికే వెళ్లిపోతుంది. పాట వస్తూనే ఉంటుంది కనుక తప్పు జరిగిందన్న అనుమానం కూడా కలగదు.

యూఎస్‌బీ డాక్‌కు ఈ బాధ లేదు. లినక్స్ కెర్నెల్‌లోనే ఉన్న సాధారణ యూఎస్‌బీ ఆడియో డ్రైవరు దాన్ని గుర్తిస్తుంది. కాన్ఫిగ్‌లో ఒక్క వరుస కూడా రాయనక్కరలేదు. ఎసింక్రనస్ పద్ధతిలో పనిచేసే డాక్ తన క్రిస్టల్‌నే నమ్ముకొని, ఎన్ని శాంపిళ్లు పంపాలో పైకి ఎప్పటికప్పుడు తెలియజేస్తుంది. అంటే రెండు క్రిస్టళ్ల బోర్డు సాధించే ఫలితాన్నే ఇది మరో దారిలో సాధిస్తుంది. రేపు పై పాడైపోయినా అదే డాక్‌ను లాప్‌టాప్‌కు తగిలించుకోవచ్చు. చూసుకోవలసినవి రెండున్నాయి. ఆడియో క్లాస్ 1 పరికరమైతే 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. అంతకు మించి కావాలంటే క్లాస్ 2 ఉండాలి. అలాగే పై 3, అంతకు ముందరి మోడళ్లలో ఈథర్‌నెట్, యూఎస్‌బీ ఒకే దారిని పంచుకుంటాయి; నెట్‌వర్క్ నిల్వ నుంచి పాటలు లాగేవారికి ఆ దారి కొంత ఇరుకు. పై 4 నుంచి ఆ ఇబ్బంది తొలగింది.

శబ్దస్థాయి విషయంలో ఒక అపోహ ఉంది. పీసీఎం5102ఏలో వాల్యూమ్ నియంత్రణ లేదు కనుక సాఫ్ట్‌వేర్‌తో తగ్గించవలసి వస్తుంది, దానివల్ల నాణ్యత పోతుందని భయపడతారు. ప్లేయరు 24 బిట్లుగా పంపేలా అమర్చితే, 16 బిట్ల పాటను దాదాపు 48 డెసిబెళ్లు తగ్గించేదాకా ఒక్క బిట్టు కూడా పోదు. ఇది పెద్ద భేదం కాదు.

ఫార్మాట్ల విషయానికి వస్తే నా ఎంపిక ఫ్లాక్. సీడీ డేటా సెకనుకు 1,411 కిలోబిట్లు. పది నిమిషాల కీర్తన కుదించని వేవ్ రూపంలో సుమారు 106 మెగాబైట్లు ఆక్రమిస్తుంది. ఫ్లాక్ దాన్ని చాలావరకు కుదిస్తుంది, విప్పినప్పుడు ఒక్క అంకె తేడా లేకుండా తిరిగి ఇస్తుంది. విప్పే పని ప్రాసెసరుకు భారమై శబ్దం పాడవుతుందని వేవ్ పక్షం వహించేవారు అంటారు గానీ, ఫ్లాక్‌ను తక్కువ గణనతో విప్పేలాగానే రూపొందించారు. మన సంగీతం వినేవారికి మరో లాభం ఉంది. ఫ్లాక్ ట్యాగులలో, అంటే ఫైలులో పాట వివరాలు రాసే చోట, క్షేత్రం పేరును ఇంగ్లీషు అక్షరాలలోనే పెట్టాలి, కానీ దాని విలువ యూనికోడ్ కనుక, రాగం కోసం ఒక క్షేత్రం కల్పించి అందులో ‘కాంభోజి’ అని తెలుగులోనే రాసుకోవచ్చు.

ఎంపీత్రీలో అందరూ గమనించని చిక్కు ఒకటుంది. అది శాంపిళ్లను 1,152 చొప్పున మూటకట్టుతుంది, కనుక ట్రాకు మొదట, చివర కొంత ఖాళీ చేరుతుంది. ఎంత ఖాళీ చేరిందో ఎన్‌కోడర్ రాసి ఉంచితే ప్లేయరు దాన్ని కత్తిరిస్తుంది, లేకపోతే లేదు. రాగం, తానం, పల్లవిని మూడు ట్రాకులుగా విడగొట్టిన కచేరీలో తానం పల్లవిలోకి జారే చోట ఆ చిన్న తెంపు వినిపిస్తే, అప్పటిదాకా కూడిన భావమంతా చెదిరిపోతుంది. ఇప్పటికే ఉన్న ఎంపీత్రీలను ఫ్లాక్‌గా మార్చడం వల్ల మాత్రం ప్రయోజనం లేదు. సైజు పెరుగుతుంది, పోయిన శబ్దం రాదు. పాత క్యాసెట్లను ఎక్కించుకునేవారు 24 బిట్లు వాడితే రికార్డింగ్ స్థాయి కొంత తక్కువగా పెట్టుకున్నా నష్టం ఉండదు. 192 కిలోహెర్ట్జ్ మాత్రం స్థలం దండగ.

డీఎస్‌డీ, అంటే శబ్దాన్ని అతివేగంగా ఒక్కొక్క బిట్టుగా నమోదు చేసే ఫార్మాట్, ఫైళ్లు ఉన్నవారికి యూఎస్‌బీయే మేలు. డీఎస్‌డీ64ను డీఓపీ పద్ధతిలో 176.4 కిలోహెర్ట్జ్ పీసీఎం (సీడీలో ఉన్నట్టి మామూలు శాంపిళ్ల రూపం) మూటల్లో పెట్టి పంపితే, దాన్ని అర్థం చేసుకోగల యూఎస్‌బీ డాక్‌లు చాలా ఉన్నాయి. పైన చెప్పిన ఐ2ఎస్ చిప్‌లు పీసీఎం మాత్రమే స్వీకరిస్తాయి కనుక ప్లేయరు ముందే మార్చి పంపవలసి ఉంటుంది. డీఎస్‌డీ లేనివారు, పైని ఒకచోట శాశ్వతంగా ఉంచదలచినవారు రెండు క్రిస్టళ్ల ఐ2ఎస్ బోర్డు కొనడం మంచిది. తీగలు తగ్గుతాయి, యూఎస్‌బీ పోర్టులు హార్డ్ డిస్కుకు మిగులుతాయి. ఖర్చు తగ్గించుకోవాలంటే పీసీఎం5102ఏ బోర్డు కూడా హెడ్‌ఫోన్ జాక్ కంటే ఎంతో మెరుగు.

ఏది కొన్నా ఆల్సా (లినక్స్‌లో శబ్దాన్ని నడిపే వ్యవస్థ) అమరికను సరిచూడడం తప్పనిసరి. నేను మంచి డాక్ పెట్టుకొని కూడా నెలల తరబడి సీడీ పాటలన్నిటినీ 48 కిలోహెర్ట్జ్‌కు మార్చి విన్నాను. ప్లేయరులో పరికరంగా ‘డిఫాల్ట్’ అని ఉంచడం వల్ల, మధ్యలో ఉన్న మిక్సరు అన్నిటినీ ఒకే రేటుకు తెస్తోంది. డిఫాల్ట్‌ను తీసివేసి నేరుగా హార్డ్‌వేర్ కార్డును పేర్కొనాలి. అది కూడా సంఖ్యతో కాక పేరుతో పేర్కొనాలి, ఎందుకంటే హెచ్‌డీఎంఐ శబ్దం కూడా కార్డులుగానే నమోదవుతుంది కనుక రీబూట్ తరువాత సంఖ్యలు మారవచ్చు. ఆ తరువాత ఒక 44.1 పాటను, ఒక 96 పాటను వరుసగా పెట్టి, పాట నడుస్తుండగానే ప్రాక్ ఫోల్డరులో ఎసౌండ్ కింద ఆ కార్డుకు ఉండే హెచ్‌డబ్ల్యూ పారామ్స్ ఫైలును తెరిచి చూడండి. రేటు అన్న వరుసలో మొదట 44100, తరువాత 96000 కనిపిస్తే మధ్యలో ఎవరూ చేయి పెట్టడం లేదన్నమాట. రెండుసార్లూ 48000 కనిపిస్తే, డాక్ మార్చకముందు మార్చవలసింది ప్లేయరులోని ఆ ఒక్క వరుసను.