పాత లారీ ఇంజన్‌కు డీజిల్ కంప్రెషన్ గేజ్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

పాత లారీకి పుల్లింగ్ తగ్గి, పొద్దున స్టార్ట్ చేయగానే తెల్లపొగ కొడుతూ మిస్సింగ్ మొదలైతే షెడ్డులో ముందు వినపడే మాట "హెడ్ (సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం) దించి చూద్దాం". హెడ్ మీద స్పానర్ పడకముందే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో, గేజ్‌తో చూడాలన్నది నా పట్టుదల. లైన్ పంపు (ఒక్కో సిలిండర్‌కు విడి పైపులో డీజిల్ తోసే పాత రకం పంపు) ఉన్న ఆరు సిలిండర్ల ఇంజన్ల మీద ఈ గేజ్‌ను ఏళ్లుగా వాడుతున్నాను. నా పెట్టెలో ఇంత పనికొచ్చిన సాధనం ఇంకొకటి లేదు.

పెట్రోలు బండ్ల గేజ్ దీనికి చాలదు. బాగున్న డీజిల్ ఇంజన్‌లో కంప్రెషన్ సుమారు 25 నుంచి 30 బార్ దాకా ఉంటుంది. అందుకే 70 బార్ వరకు చూపే డయల్ తీసుకున్నాను. డయల్ ఇప్పటికీ బాగానే ఉంది. అసలు చూసుకోవాల్సింది సిలిండర్‌లోకి డీజిల్ చల్లే నాజిల్ తీసిన చోట బిగించే అడాప్టర్‌ను. దాని పొడవు, సీటు మన ఇంజన్ నాజిల్‌తో సరిపోవాలి, కింద కొత్త రాగి వాషర్ పడాలి. పాత వాషర్‌తో కానిస్తే పక్క నుంచి గాలి పోయి, మంచి సిలిండర్ కూడా చెడిపోయినట్టే కనిపిస్తుంది. గేజ్‌లో గాలిని పట్టి ఉంచే చిన్న వాల్వ్ పిన్ చూడటానికి టైరు వాల్వ్ పిన్ లాగే ఉంటుంది కానీ స్ప్రింగ్ వేరు. అది పోయినప్పుడు టైరుది వేస్తే రీడింగ్ నమ్మడానికి లేదు. సెల్ఫ్ ఆపాక కూడా ముల్లు ఎక్కిన చోటే నిలబడాలి. జారుతోందంటే ఇంజన్‌ను అనుమానించే ముందు ఈ పిన్ మార్చండి.

వాడకంలో ఓపిక కావాలి. ఇంజన్ వేడెక్కి ఉండాలి, బ్యాటరీలు ఫుల్ ఛార్జ్‌లో ఉండాలి, స్టాప్ లివర్ లాగి డీజిల్ ఆపేయాలి. నేను నాజిళ్లన్నీ తీసేస్తాను. ఒక్కొక్కటే తీసి చూసేవాళ్లున్నారు, పని తొందరగా అవుతుంది. కానీ అన్నీ తీస్తే సెల్ఫ్ తేలిగ్గా, ఒకే వేగంతో తిరుగుతుంది, ఆరు రీడింగులనూ పోల్చుకోవచ్చు. పోల్చడమే ముఖ్యం. అన్నీ 24 బార్ చూపితే నాకు టెన్షన్ లేదు, మాన్యువల్‌లో కనీసం ఎంత ఉండాలో ఒకసారి చూసుకుంటాను. ఐదు 27 చూపి ఒకటి 19 దగ్గర ఆగిందంటే మాత్రం జబ్బు ఆ ఒక్కదానిలోనే ఉంది.

అప్పుడు కూడా వెంటనే హెడ్ దించను. ముందు ఆ సిలిండర్ టాపెట్ క్లియరెన్స్ (వాల్వ్‌కూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఉండే సందు) చూస్తాను. వాల్వ్ సీటు అరిగి వాల్వ్ పైకి జరిగితే క్లియరెన్స్ తగ్గుతూ వస్తుంది. చివరికి వాల్వ్ పూర్తిగా మూసుకోదు, గాలి జారిపోతుంది. పంపు మీద అనుమానంతో నా దగ్గరకు తెచ్చిన ఒక బండి టాపెట్ సెట్టింగ్‌తోనే తేరుకుంది. సరిచేసి మళ్లీ గేజ్ పెడితే ముల్లు మిగతా సిలిండర్ల దగ్గరకు వచ్చేసింది. పంపు విప్పనే లేదు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు ఒకేలా పడిపోతే నా అనుమానం హెడ్ కింద గాలి లీకవకుండా వేసే గ్యాస్కెట్ మీదకు పోతుంది. మూడు, నాలుగు నంబర్లు అలా చూపిన ఒక ఇంజన్‌లో హెడ్ లేపి చూస్తే, రెండు బోర్ల మధ్య గ్యాస్కెట్ సన్నగా కాలిపోయి నల్లటి గీత పడి ఉంది.

ఏ సిలిండరో గేజ్ చెబుతుంది, ఎక్కడ లీకో చెప్పదు. దానికి అదే అడాప్టర్ నుంచి కంప్రెసర్ గాలి ఎక్కిస్తాను. పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్ చివర సరిగ్గా పైన ఉండాలి. లేకపోతే గాలి ఒత్తిడికి క్రాంక్ తిరిగి చేతులకు దెబ్బ తగులుతుంది, క్రాంక్ తిప్పడానికి పెట్టిన రాడ్డును అలాగే వదిలేయకండి. ఎయిర్ క్లీనర్ వైపు బుస్సుమంటే ఇన్లెట్ వాల్వ్, సైలెన్సర్ వైపైతే ఎగ్జాస్ట్ వాల్వ్. ఆయిల్ మూత దగ్గర గట్టిగా వస్తే రింగులు, లైనర్. రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్ లేదా హెడ్ పగులు. సెట్‌తో పాటు ఈ గాలి గొట్టం కనెక్షన్ ఇవ్వకపోవడం నాకు నచ్చని విషయం, విడిగా చేయించుకోవాల్సి వచ్చింది. రింగులు అరిగాయేమో తెలుసుకోవడానికి సిలిండర్‌లో ఆయిల్ పోసి చూసే పద్ధతి డీజిల్‌కు నేను వాడను. పిస్టన్ పైన ఉండే ఖాళీ చాలా తక్కువ కాబట్టి కాస్త ఎక్కువ పడినా రీడింగ్ మారిపోతుంది, ఇంకా ఎక్కువైతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

నాజిల్ స్ప్రే, పంపు టైమింగ్, డీజిల్ లైన్లో గాలి గురించి ఈ గేజ్‌కు ఏమీ తెలియదు. అందుకే నాజిళ్లు తీయకముందే సప్లై లైన్లో పారదర్శకంగా ఉండే పైపు ముక్క కలిపి బుడగలు వస్తున్నాయేమో చూస్తాను. స్లో స్పీడులో హై ప్రెషర్ పైపుల నట్లు ఒక్కొక్కటే కొద్దిగా వదులు చేస్తాను. ఏ నట్టు వదులు చేసినప్పుడు ఇంజన్ శబ్దం మారదో, పని చేయనిది ఆ సిలిండరే. ఇది పాత లైన్ పంపు ఇంజన్లకే, అదీ కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకుని. కామన్ రైల్ (అన్ని నాజిళ్లకూ ఒకే హై ప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ అందే కొత్త రకం) ఇంజన్‌లో ఆ నట్టు ముట్టుకోవద్దు, 1000 బార్ దాటిన డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

కొనేటప్పుడు పెట్టెలో ఎన్ని అడాప్టర్లున్నాయని లెక్కపెట్టకండి. మీ ఇంజన్ నాజిల్ ఒకటి చేత్తో పట్టుకెళ్లి, అడాప్టర్ పక్కన పెట్టి చూశాకే తీసుకోండి.