ఆర్‌సెటిలో మోటారు వైండింగ్ శిక్షణ: ఉద్యోగం పోయిన తరువాత నాకు అండగా నిలిచిన సంస్థ

మా జిల్లా కేంద్రంలో ఉన్న గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో, అంటే అందరూ ఆర్‌సెటి అని పిలిచే సంస్థలో, నేను ఎలక్ట్రిక్ మోటార్ల రీవైండింగ్, అంటే కాలిపోయిన మోటారులో పాత తీగ తీసి కొత్త తీగ చుట్టే పని, నేర్చుకుని మా ఊరి రోడ్డు మీద సొంతంగా దుకాణం పెట్టుకున్నాను. అంతకు ముందు ఒక కర్మాగారంలో స్టోర్స్ విభాగంలో పనిచేసేవాణ్ణి. యాజమాన్యం ఒక షిఫ్టు మొత్తాన్ని ఎత్తివేయడంతో నలభై ఏళ్ల వయసులో ఉద్యోగం పోయింది. ఆ స్థితిలో ఉన్నవారికి ఈ సంస్థ గురించి వివరంగా తెలియాలనే ఉద్దేశంతోను, అక్కడి వారి పట్ల నాకున్న కృతజ్ఞతతోను ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇటువంటి శిక్షణకు మూలం కర్ణాటకలోని ధర్మస్థల సమీపంలో ఉన్న ఉజిరె గ్రామం. అక్కడ 1982లో ధర్మస్థల ట్రస్టు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి రుడ్‌సెటి అనే సంస్థను ప్రారంభించాయి. అదే నమూనాలో జిల్లాకొకటి చొప్పున బ్యాంకుల చేత ఈ సంస్థలను నడిపించే పనిని కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2009 నుంచి చేపట్టింది. శిక్షణకు రుసుము లేదు, భోజనం, వసతి కూడా ఉచితమే. సంపాదన ఆగిపోయిన మనిషికి ఇది ఎంత పెద్ద ఊరటో అనుభవించినవారికే తెలుస్తుంది.

శిక్షణ మొదలైన కొత్తలో పనిముట్లు చేతికి ఇవ్వలేదు. నేల మీద ఒక కర్ర నిలబెట్టి, ఎంత దూరం నుంచి రింగు వేస్తారో మీరే నిర్ణయించుకోండి అన్నారు. దగ్గరగా నిలబడితే తక్కువ మార్కులు, దూరం పెరిగేకొద్దీ ఎక్కువ మార్కులు. ఇదేదో పిల్లల ఆటలా అనిపించినా, ఎవరు ఎంత సాహసం చేస్తారో, ఒకసారి గురి తప్పిన తరువాత దూరాన్ని ఎలా సరిచేసుకుంటారో అందులో స్పష్టంగా కనిపించింది. ఈ తరహా శిక్షణకు మన తెలుగు నేలతో సంబంధం ఉందని నాకు అక్కడే తెలిసింది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ బృందం 1964లో కాకినాడ వ్యాపారులను ఎంచుకుని, హైదరాబాదులో చిన్న పరిశ్రమల వారికి శిక్షణ ఇచ్చే సైట్ (SIET) సంస్థలో వారికి ఇటువంటి శిక్షణనే ఇప్పించింది. ఉద్యోగం పోయినప్పటి నుంచి ఎవరో ఒకరు నన్ను పిలిచి పని ఇవ్వాలనే ఆలోచనలోనే ఉన్న నాకు, నేనే దూరం నిర్ణయించుకుని గురి చూసిన ఆ పూట మనసు చాలా తేలికపడింది.

ఇక అసలు పని గురించి. మా గురువుగారు కాలిపోయిన ఒక మోనోబ్లాక్ మోటారు (పంపు, మోటారు ఒకటిగా ఉండేది) విప్పించి, పాత తీగ కోయడానికి ముందు తీగ చుట్లు కూర్చునే గాళ్లు, అంటే స్లాట్లు ఎన్ని, ఒక కాయిల్ ఏ స్లాటు నుంచి ఏ స్లాటుకు వెళ్లింది, ఎన్ని చుట్లు ఉన్నాయి, తీగ గేజు (మందం) ఎంత అనే వివరాలన్నీ పుస్తకంలో రాయించేవారు. రాయనివారికి కటింగ్ ప్లయర్ ఇచ్చేవారు కాదు. తీసిన రాగిని తూకం వేయించి, కొత్తగా చుట్టిన రాగి బరువుతో సరిపోల్చి చూపించేవారు. మోనోబ్లాకుకు ఎనామెల్ తీగ చుట్టి వార్నిష్ పోసి ఆరబెట్టాలని, నీటితో నిండి పనిచేసే బోరు మోటారుకు మాత్రం ప్లాస్టిక్ పొర ఉన్న తీగే వాడాలని చేతుల మీదుగా నేర్పించారు. ఒక ఫేజు పోయినప్పుడు మిగిలిన రెండు ఫేజుల మీద కరెంటు ఎక్కువ లాగి వైండింగ్ కాలిపోతుంది కనుక, రిపేరుకు వచ్చిన ప్రతి రైతుకూ ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టుకోమని చెప్పి పంపాలని కూడా వారే అలవాటు చేశారు. మళ్లీ కాలితే మనకే బేరం కదా అని మాలో ఒకరు అన్నప్పుడు ఆయన ముఖం చిన్నబుచ్చుకున్న తీరు నాకు ఇంకా గుర్తుంది.

అప్పు విషయంలో వారు చేసిన సాయం వేరుగా చెప్పాలి. ప్రాజెక్టు రిపోర్టులో కాయిల్ చుట్టే యంత్రం, ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్, కరెంటు కొలిచే క్లాంప్ మీటరు, బేరింగులు ఊడదీసే పుల్లరు వంటివే కాకుండా రాగి తీగ సరుకుకు కూడా విడిగా డబ్బు చూపించమన్నారు. రైతు పంట చేతికి వచ్చిన తరువాతే బాకీ తీర్చగలడు, తీగకు మాత్రం మనం ముందే చెల్లించాలి అన్నది వారి లెక్క, అది అక్షరాలా నిజమైంది. ముద్రా పథకంలో 50 వేల రూపాయల వరకు శిశు, ఆపైన 5 లక్షల వరకు కిశోర్ రుణాలు ఉన్నాయి, వీటికి తాకట్టు అవసరం లేదు. అయినా నేను వెళ్లిన బ్యాంకు శాఖలో పొలం కాగితాలు అడిగి పదేపదే తిప్పారు. చివరకు ఆర్‌సెటి ఫ్యాకల్టీ ఒకరు స్వయంగా నాతో వచ్చి, మేనేజరు ఎదుట కూర్చుని నిబంధన చూపించి ఓపికగా మాట్లాడారు. ఆ తరువాత రుణం మంజూరైంది. నా కోసం ఒక మనిషి తన పని పక్కన పెట్టి వచ్చి కూర్చోవడం, ఉద్యోగం పోయిన తరువాత అదే మొదటిసారి.

శిక్షణ ముగిసిన తరువాత రెండేళ్ల వరకు అభ్యర్థుల బాగోగులు చూడాలని వీరికి నియమం. మా సంస్థ దాన్ని మొక్కుబడిగా జరపలేదు. ఫోన్ చేసేవారు, దుకాణానికి వచ్చి లెక్కల పుస్తకం చూసేవారు. వానాకాలంలో బోర్లు ఆగి పని తగ్గినప్పుడు ఫ్యాన్లు, మిక్సీలు కూడా తీసుకోమని సలహా ఇచ్చి, వాటి వైండింగ్‌లో సందేహం వస్తే సంస్థకు రమ్మన్నారు. ఆ నెలల్లో వాయిదాలు కట్టగలిగానంటే ఆ సలహా వల్లనే.

నెల రోజుల కోర్సు పూర్తి నైపుణ్యానికి చాలదు, ముఖ్యంగా స్టార్టర్లు, ప్యానెల్ బోర్డుల మీద ఇంకొంత సాధన అవసరం. అందుకే అనుభవజ్ఞుల దుకాణంలో కొంతకాలం చేయి కలిపి ఆ తరువాతే సొంతంగా పెట్టుకోవడం మేలు. చేరదలచినవారు గ్రామీణ ప్రాంతం వారై ఉండాలి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్ పుస్తకం, ఫోటోలు తీసుకుని నేరుగా జిల్లా కేంద్రంలోని సంస్థకు వెళ్లి, మీకు కావలసిన కోర్సు బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో అడిగి పేరు రాయించుకోండి. ఏ కోర్సు తీసుకోవాలో తేలకపోతే, మీ ఊళ్లో ఏ పనికి మనిషి దొరకడం లేదో వారికి చెప్పండి, వారు కూర్చోబెట్టి మాట్లాడతారు.