వాకీటాకీ బ్యాటరీలకు ఐమ్యాక్స్ బీ6: ఛార్జర్‌గా కంటే టెస్టర్‌గానే ఎక్కువ పనికొచ్చింది

సెట్టుతో వచ్చే స్టాండులో ఆకుపచ్చ లైటు వెలిగితే ఛార్జింగ్ ఆగిందని అర్థం, అంతే. ప్యాక్‌లో ఎంత నిండిందో, డ్యూటీ అయ్యేదాకా వస్తుందో రాదో ఆ లైటుకి తెలీదు. ఆ లెక్క కోసమే చాలాకాలంగా స్కైఆర్‌సీ ఐమ్యాక్స్ బీ6 వాడుతున్నాను. ఇది ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) కార్లు, విమానాలు ఆడించేవాళ్ల కోసం చేసిన ఛార్జర్. 11 నుంచి 18 వోల్టుల డీసీ ఇవ్వాలి; వాకీటాకీ ప్యాక్‌లకైతే 12 వోల్టుల 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) చాలు.

అసలు తంటా కనెక్షన్‌తోనే. ప్యాక్ మీది చిన్న రేకులకు క్రొకొడైల్ క్లిప్పు పెడితే జారి, రెండూ తగిలి షార్ట్ అవుతుంది. చెడిపోయిన సెట్టు బాడీ ఒకటి తీసుకుని, బ్యాటరీ పిన్నులకు లోపలి నుంచి లావు వైర్లు సోల్డర్ చేసి బయటికి తీయండి. ప్యాక్‌ని మామూలుగా తగిలించేయొచ్చు. స్టాండు వైపు పాయింట్లకు మాత్రం వైర్లు ఇవ్వకండి. చాలా ప్యాక్‌లలో అక్కడ లోపల, కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఉంటుంది. దాంతో డిశ్చార్జ్ జరగదు, ఛార్జింగ్‌లో వోల్టేజీ ఉన్నదానికంటే ఎక్కువ కనిపించి ముందే ఆగిపోతుంది.

మోడ్ ఎంచుకునేటప్పుడు ప్యాక్ మీద రాసింది చదవాలి. 7.4 వోల్టులని ఉంటే లైపో (లిథియం పాలిమర్) 2ఎస్, అంటే వరుసగా రెండు సెల్‌లు, నిండేసరికి 8.4. పాత లిథియం ప్యాక్ మీద 7.2 అని ఉంటే లైఅయో (లిథియం అయాన్) 2ఎస్, 8.2 దగ్గర ఆగుతుంది. లిథియం అయాన్ అన్న పేరు చూసి 7.4 ప్యాక్‌ని లైఅయోలో పెడితే ప్రమాదమేమీ లేదు, కానీ పూర్తిగా నిండదు. మంచి ప్యాక్ కూడా పాడైనట్టు కనిపిస్తుంది. సెల్‌లను విడివిడిగా సరిచూసే బ్యాలెన్స్ వైరు ఈ ప్యాక్‌లకు ఉండదు కాబట్టి బ్యాలెన్స్ మోడ్ వద్దు, మామూలు ఛార్జే. సేఫ్టీ టైమర్ ఫ్యాక్టరీ సెట్టింగు 120 నిమిషాలు. 1800 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు, ప్యాక్‌లో పట్టే ఛార్జ్) ప్యాక్‌ని 0.9 ఆంపియర్లతో పెడితే చివర్లో కరెంటు తగ్గుతూ అంతకంటే ఎక్కువసేపే పడుతుంది, మధ్యలోనే ఆగిపోతుంది. 240 పెట్టుకోండి.

ఇక కొలత. నిండిన ప్యాక్‌ని ఓ గంట చల్లారనిచ్చి, 0.4 ఆంపియర్లతో 6 వోల్టుల దాకా డిశ్చార్జ్ చేయాలి. తెర మీద పై వరుసలో కరెంటు, వోల్టేజీ; కింది వరుసలో ఎంతసేపయిందీ, చివర ఎంత బయటికొచ్చిందీ కనిపిస్తాయి. మనకు కావాల్సింది ఆ చివరి అంకె. 1800 ప్యాక్ కొత్తలో 1700 పైన ఇస్తే బాగున్నట్టే. 1440, అంటే 80 శాతం, కంటే దిగితే డ్యూటీ నుంచి తీసి స్పేర్‌లో పడేయండి. తేదీ, అంకె మార్కర్‌తో ప్యాక్ మీదే రాయాలి. అదే సైజు ప్యాక్ మీద 2800 అని అచ్చేసి అమ్మేవాళ్ల సంగతీ ఈ అంకెతోనే తేలుతుంది.

దీని పెద్ద లోటు డిశ్చార్జ్ సామర్థ్యం 5 వాట్లే కావడం. 8.4 వోల్టుల దగ్గర 0.6 ఆంపియర్లకే హద్దు. సెట్టు పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కితే మాత్రం ఒకటిన్నర ఆంపియర్ దాకా లాగుతుంది. అందుకే ఇందులో 1500 ఎంఏహెచ్ చూపించిన ప్యాక్ కూడా మాట్లాడబోతే వోల్టేజీ పడిపోయి సెట్టుని ఆపేస్తుంటుంది. దీనికి 4.7 ఓమ్‌ల 25 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ కొనుక్కోండి. నిండిన ప్యాక్‌కి ఐదు సెకన్లు తగిలించి మల్టీమీటర్ చూడండి. 8.2 నుంచి 7.8కి దిగితే లోపలి నిరోధం పావు ఓమ్ లోపే, ఫర్వాలేదు. 7కి పడిపోతే 0.8 ఓమ్ అయినట్టు. ఎంఏహెచ్ ఎంతున్నా ఆ ప్యాక్ పని అయిపోయింది. రెసిస్టర్ చెయ్యి కాల్చేంత వేడెక్కుతుంది, పట్టుకోకండి.

నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్‌లు పెట్టేవాళ్లు తక్కువ కరెంటే మంచిదనుకుంటారు, కానీ కాదు. నిండినప్పుడు వోల్టేజీ కాస్త కిందికి దిగడాన్ని బట్టే ఈ ఛార్జర్ ఆగుతుంది: సెల్‌కు 7 మిల్లీవోల్టులు, ఆరు సెల్‌లకు 42. కరెంటు మరీ తక్కువైతే ఆ దిగుడు కనిపించక ఛార్జింగ్ సాగుతూనే ఉంటుంది, ప్యాక్ ఉడికిపోతుంది. 1800కి 0.9 ఆంపియర్లు పెట్టండి. నెలల తరబడి పక్కన పడి ఉన్నదైతే మొదటి నిమిషాల్లోనే నిండిందని ఆగిపోవచ్చు. మళ్లీ స్టార్ట్ నొక్కితే సరి. టెంపరేచర్ ప్రోబ్ విడిగా కొని 45 డిగ్రీలకు పెట్టండి. మే నెలలో రామగుండం లాంటి చోట గదే 40 దాటుతుంది కాబట్టి, ఈ పని రాత్రికి పెట్టుకోవాలి.

లిథియం ప్యాక్ సున్నా వోల్టులు చూపిస్తే లోపలి ప్రొటెక్షన్ సర్క్యూట్ కట్ అయిందన్నమాట. బీ6 దాన్ని తీసుకోదు. నికెల్ మోడ్‌లో పెట్టి లేపొచ్చని చెప్పేవాళ్లుంటారు, ఆ పని చేయకండి. ఉబ్బిన ప్యాక్‌దీ అదే సంగతి, నేరుగా ఈ-వేస్ట్‌లోకే. గనుల్లో వాడే ఇంట్రిన్సిక్లీ సేఫ్ (నిప్పురవ్వతో మంట అంటుకోకుండా చేసిన) ప్యాక్‌లను విప్పి సెల్ మార్చారంటే వాటి సర్టిఫికెట్ పోయినట్టే.

ఒక ప్యాక్ నింపి, ఖాళీ చేసి, మళ్లీ నింపేసరికి తొమ్మిది పది గంటలు పోతాయి, అదీ ఒకసారికి ఒక్కటే. ఆరేడు సెట్లున్నవాళ్లకు వారంలో పనైపోతుంది. ముప్పై నలభై సెట్లున్న సెక్యూరిటీ ఏజెన్సీ అయితే ఒకేసారి నాలుగైదు ప్యాక్‌లు పట్టే ఎనలైజర్ కొనుక్కోవడమే మేలు.