నెల్లూరు ఎండల్లో అల్లం బీరు: సెట్టు వాడి చూశాక

ఆన్‌లైన్‌లో ‘ఇంట్లోనే బీరు’ అని అమ్మే సెట్టు ఒకటి కొని చాలాకాలంగా వాడుతున్నా. ఎండాకాలాలూ వానాకాలాలూ చూసింది కాబట్టి ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను: సెట్టుగా కొనకండి. దాంట్లో నాకు పనికొచ్చింది హైడ్రోమీటరు, అంటే ద్రవం ఎంత చిక్కగా ఉందో కొలిచే గాజు గొట్టం, ఒక్కటే. సీసాలు అవసరమే గానీ సెట్టులో వచ్చే సీసాలు కాదు. మిగతా సరంజామా అంతా చలిదేశాల్లో, నెలల తరబడి ఓపిగ్గా బీరు పెట్టుకునేవాళ్ల కోసం చేసింది. నెల్లూరులో మే నెలలో దాంతో చేసేదేమీ లేదు.

ముందు ఒక సంగతి. నేను చేసేది బార్లీ బీరు కాదు, అల్లం బీరు. ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచెయ్యడం 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం నేరం. లీటరే కదా, మా ఇంటికే కదా అంటే కుదరదు. అమ్మేవాళ్లు పెట్టె మీద ఈ ముక్క ఎక్కడా రాయరు. సెట్టుతో పాటు వచ్చిన, బార్లీ బీరుకు వాడే మాల్టు పొట్లం అందుకే విప్పకుండానే అలమారలో గడ్డకట్టింది. ఆహార ప్రమాణాల ప్రకారం మన దేశంలో ఆల్కహాలు 0.5 శాతం దాటితే దాన్ని మద్యం కింద లెక్కేస్తారు. ఆ గీత లోపల ఉండేట్టు అల్లం, చక్కెర, నిమ్మకాయలతో పులియబెట్టుకునే పానీయం ఇది. ఇంగ్లండులో 18వ శతాబ్దం నుంచీ ఉంది. అక్కడ ఇళ్లలో ఒకరి దగ్గర్నుంచి ఒకరు తెచ్చుకుని దాచుకునే తోడును హ్యారీ మార్షల్ వార్డ్ అనే వృక్షశాస్త్రవేత్త పట్టుబట్టి పరిశీలించాడు. అది ఒక జీవి కాదు, ఈస్టూ బ్యాక్టీరియా కలిసి బతికే కాపురం అని 1892లో తేల్చాడు. అంతకుముందు సిలోన్‌లో కాఫీ తోటల తుప్పు తెగులు మీద పనిచేసినాయన కూడా ఈయనే.

ఇక అసలు లెక్క. ఈ లెక్క తెలిస్తే సెట్టులో ఏది దండగో మీకే అర్థమవుతుంది. ఈస్టు చక్కెరను తిని దాదాపు సగం గ్యాసుగా, సగం ఆల్కహాలుగా మారుస్తుంది. లీటరు పానీయంలో ఎనిమిది గ్రాముల చక్కెర పులిస్తే ఆల్కహాలు ఇంచుమించు 0.5 శాతానికి చేరుతుంది. ఆ ఎనిమిది గ్రాముల నుంచి వచ్చే గ్యాసు నాలుగు గ్రాములు. మూత తీస్తే బుస్సుమంటుంది, నాలుక మీద చిటపటలాడుతుంది, అంతే. కూల్‌డ్రింకు అంత ఘాటు గ్యాసు కావాలంటే దాదాపు రెట్టింపు చక్కెర పులవాలి, అప్పుడు గీత దాటిపోయినట్టే. అందుకని పుట్టిన గ్యాసు కొంచెమైనా బయటికి పోనివ్వకూడదు. మొదట్నుంచీ మూత బిగించిన సీసాలోనే పులవాలి.

మరి సెట్టులో ఏముంది? నాలుగు లీటర్ల గాజు జాడీ, దానికి రబ్బరు బిరడా, బిరడాలో గ్యాసును బుడగలుగా బయటికి వదిలే ఎయిర్‌లాకు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, గుబుక్ గుబుక్ మంటుంటే పిల్లలు చుట్టూ చేరతారు. కానీ అల్లం బీరు విషయంలో అది చేసే పనల్లా గ్యాసును వదిలేసి ఆల్కహాలును ఉంచడం. మనక్కావలసిందానికి సరిగ్గా ఉల్టా. పైగా రోహిణి కార్తెలో ఎయిర్‌లాకులో పోసిన నీళ్లు ఊరికే ఆవిరైపోతాయి. నీళ్లు అడుగంటగానే పండు ఈగలు దూరతాయి, వాటితో పాటే వెనిగరు పులుపూ వచ్చేస్తుంది. ఇప్పుడా జాడీలో అమ్మ నిమ్మకాయ ఊరగాయ పెట్టింది. దానికి మాత్రం ఐదు నక్షత్రాలు.

జాడీకి అంటించిన ఉష్ణోగ్రత స్టిక్కరు సంగతి చెప్పకపోతే పాపం. దాని మీద పై అంకె 30. మా వంటింట్లో మార్చి దాటాక అది వెలగడమే మానేసింది.

సెట్టుతో వచ్చిన పుస్తకంలో తోడు తయారుకావడానికి వారం, సీసాలో మూడు నాలుగు రోజులు అని ఉంటుంది. ఆ లెక్క ఇక్కడ నమ్మకండి. తురిమిన అల్లం ఒక చెంచా, చక్కెర ఒక చెంచా, గ్లాసుడు నీళ్లు గాజు సీసాలో వేసి గుడ్డ కట్టి, రోజూ ఇంకో చెంచా ఇదీ ఇంకో చెంచా అదీ కలుపుతూ పోతే వేసవిలో మూడో రోజుకే నురగ కడుతుంది. డిసెంబరు, జనవరిల్లో ఐదారు రోజులు పడుతుంది. అల్లం తొక్క తియ్యకండి, ఈస్టు ఉండేది ఆ తొక్క మీదే. తెల్లగా తోమినట్టు మెరిసే అల్లం కంటే మట్టి అంటుకున్న అల్లం తెచ్చి కడుక్కుంటే తోడు తొందరగా లేస్తుంది. స్టోన్‌హౌస్‌పేట కొట్లలో రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి, ధరలో పెద్ద తేడా ఉండదు. సెట్టులో వచ్చిన ఈస్టు పొట్లం కూడా పనిచేస్తుంది గానీ రుచి చప్పగా ఉంటుంది. బేకరీ ఈస్టు వేస్తే బన్ను వాసన.

తోడు లేచాక లీటరు నీళ్లలో నలభై గ్రాముల అల్లం, ఎనభై గ్రాముల చక్కెర వేసి మరిగించి, పూర్తిగా చల్లారాక వడగట్టి, రెండు నిమ్మకాయలు పిండి, వడగట్టిన తోడు నాలుగు చెంచాలు కలిపి సీసాలకెత్తుతా. నీళ్లు క్యానువైనా పర్లేదు, కుళాయివైనా పర్లేదు. ఎటూ మరిగిస్తాం కాబట్టి క్లోరిన్ పోతుంది. నిమ్మకాయల విషయంలో మనం అదృష్టవంతులం. గూడూరు, పొదలకూరు యార్డుల నుంచి ఢిల్లీ దాకా పోయే కాయ మనకు బస్టాండు దగ్గర బుట్టల్లో దొరుకుతుంది. ఎండాకాలం ధర మండినప్పుడు మాత్రం ఒక కాయతో సరిపెడతా, అప్పుడు తీపి కాస్త మొహం మొత్తుతుంది.

మే నెలలో సీసా బయట ఉండాల్సింది పూట మాత్రమే. పొద్దున ఎత్తితే సాయంత్రానికి ఫ్రిజ్‌లో పెట్టాలి. జనవరిలో రెండు రాత్రులు పడుతుంది. ఎప్పుడు పెట్టాలో గడియారాన్ని బట్టి తెలీదు. అందుకని నేను కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసా ఒకదాన్ని గాజు సీసాలతో పాటే నింపి పక్కన పెడతా. నొక్కితే లొత్తపడుతున్నంత సేపూ ఆగడం, వేలికి కొంచెం ఎదురు తిరుగుతుంటే అన్నిటినీ ఎత్తి ఫ్రిజ్‌లోకి తొయ్యడం. గట్టిగా రాయిలా అయిందంటే ఆలస్యమైనట్టే. పైసా ఖర్చు లేని ఈ సాధనం సెట్టులో సగం సామానుకు సమానం. ఫ్రిజ్‌లో పెట్టినా పులియడం ఆగిపోదు, నెమ్మదిస్తుంది అంతే. మూడు నాలుగు రోజుల్లో తాగెయ్యాలి. మధ్యలో కరెంటు పోయి గంటల తరబడి రాలేదంటే ఆ రోజే ఇరుగుపొరుగును పిలవాలి.

హైడ్రోమీటరు దగ్గర కాసేపు ఆగాలి. పాలకేంద్రంలో లాక్టోమీటరు జాతిదే ఇది. తీపి నీళ్లలో పైకి తేలుతుంది, చక్కెర పులిసి తగ్గేకొద్దీ కిందికి దిగుతుంది. నీళ్ల సాంద్రత 1 అనుకుంటే దాని మీద ఒక్కో గీత 0.002. ఆల్కహాలు 0.5 శాతం అంటే మొత్తం మీద రెండు గీతల తేడా. ఇప్పుడు అసలు తిరకాసు వినండి. ఆ గొట్టం మీద 20 డిగ్రీలకు లెక్కకట్టినట్టు చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన గదిలో 35 డిగ్రీలున్న నీళ్లు ఆ 20 డిగ్రీల నీళ్ల కంటే పలచన, ఆ తేడా కూడా ఇంచుమించు రెండు గీతలే. అంటే మొదటి రోజు ఫ్రిజ్‌లోంచి తీసి కొలిచి, రెండో రోజు గది వేడిమీద కొలిచారనుకోండి, ఏమీ పులవకపోయినా అర శాతం పైనే వచ్చినట్టు కనిపిస్తుంది. అదే తిరగేసి కొలిస్తే అర శాతం వచ్చినా రానట్టే కనిపిస్తుంది. రెండుసార్లూ గ్లాసును ఒకే చల్లదనానికి తెచ్చి కొలిస్తే తప్ప ఆ అంకెకు విలువ లేదు. ఇంకోటి, గ్యాసు బుడగలు గొట్టాన్ని అంటుకుని పైకి లేపుతాయి. బండి మీద టీ తిరగబోసినట్టు రెండు గ్లాసుల మధ్య బాగా పోసి గ్యాసు పోగొట్టాకే కొలవాలి. ఇంత చాకిరీ ఉన్నా ఈ వస్తువును వద్దనను. ఇంట్లో పిల్లలకు కూడా ఇస్తున్నప్పుడు సుమారుగా ఉందిలే అంటే మనసొప్పదు. కడుపుతో ఉన్నవాళ్లకూ, బొట్టు మందు కూడా ముట్టని నియమం ఉన్నవాళ్లకూ మాత్రం అర శాతం లోపలున్నా నేను పొయ్యను.

సీసాల్లో సెట్టువి పేరుకు స్వింగ్‌టాప్, అంటే రబ్బరు రింగున్న మూతను తీగతో బిగించే రకం. గాజు పలచన, అడుగు పలకలుగా ఉంటుంది. అలాంటి పలకల సీసాలు నూనె పోసుకోవడానికి పర్లేదు, గ్యాసుకు పనికిరావు. మూలల దగ్గర ఒత్తిడి పడి పగులుతాయి. మాకొకటి రాత్రిపూట అటక మీదే పేలింది, అల్లం వాసన వారం రోజులు పోలేదు. గుండ్రంగా, చేతికి బరువుగా ఉండేవే కొనండి. సంచిలో చుట్టి, మూత ఉన్న ప్లాస్టిక్ టబ్బులో పెట్టుకోండి. గోలీసోడా సీసాలతో కూడా చేసి చూశా. 1872లో హైరం కాడ్ పేటెంటు చేసిన డిజైనే ఇప్పటికీ మన బండ్ల మీద తిరుగుతోంది, గాజు దిట్టం. నింపి తలకిందులుగా పెడితే పుట్టిన గ్యాసే గోలీని రబ్బరుకు నొక్కి మూసేస్తుంది. కానీ తలకిందులుగా ఉండడంతో మడ్డి అంతా గోలీ చుట్టూ పేరుకుంటుంది, గోలీ నొక్కగానే ముందు నోట్లోకి వచ్చేది అదే. ఆ నొక్కుల్లో బ్రష్షు దూరదు, కడగడం నరకం. సోడాబండాయనకే తిరిగిచ్చేశా.

గోనెసంచి తడిపి సీసాలకు చుట్టడం మంచి ఉపాయమే, గాలిని బట్టి. పగలు పడమటి గాలి వీస్తున్నంతసేపూ నాలుగైదు డిగ్రీలు తగ్గిస్తుంది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగిందంటే గుడ్డ తడి ఆరదు, చల్లదనమూ ఉండదు. కనిగిరిలో ఉండే మా బావకు ఇదే ఉపాయం రోజంతా పనిచేస్తుంది, అక్కడ గాలి పొడి.

ఆ బావే బెల్లంతో చెయ్యమని ఒకటే పోరు. తాటిబెల్లంతో నిజంగానే బ్రహ్మాండంగా ఉంటుంది, పొగ వాసన లాంటిదొకటి అల్లంతో బాగా కలుస్తుంది. మామూలు బెల్లమైతే మరిగేటప్పుడు తెట్టె తియ్యాలి, రంగు మబ్బుగా వస్తుంది, చక్కెర కంటే జోరుగా పులుస్తుంది. కానీ మన వైపు బెల్లం నీళ్లు నురగలు కక్కుతూ కనబడితే చూసేవాళ్లకు గుర్తొచ్చేది వేరే. ‘బెల్లం ఊట ధ్వంసం’ అనే వార్త పేపర్లో చదవని ఇల్లు లేదు. కలిగిరి దగ్గర దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా అంగళ్ల మీదికి పోవడం, మరుసటేడు అక్టోబరులో సారా నిషేధం, 1995లో పూర్తి నిషేధం, 1997లో దాన్ని సడలించడం, ఇవన్నీ మా అమ్మ కళ్లముందు జరిగినవి. మొదటిసారి తోడు నురగ చూసి “ఏందిరా ఇది, వంటింట్లో కల్లు కంపు కొడతా ఉంది” అని గిన్నె పారబొయ్యబోయింది. హైడ్రోమీటరు గీతలు ఒక్కొక్కటీ చూపించి చెప్పాక గానీ దింపలేదు. ఇప్పుడు ఆమె గ్లాసులో ఉప్పు చిటికెడు వేసుకుని మరీ తాగుతుంది. బావ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా “ఏం బావా, ఊట పెట్టావంటగా” అనే పలకరింపు. బెల్లంతో చేస్తే ఒక లీటరు దాటించను.

రుచి గురించి ఆశలు పెద్దగా పెట్టుకోవద్దు. బీరు తాగే అలవాటున్నవాళ్లు దీన్ని బీరని ఒప్పుకోరు, కూల్‌డ్రింకు అలవాటున్నవాళ్లు గ్యాసు చాల్లేదంటారు. చేపల పులుసు తిన్న మధ్యాహ్నం గొంతులో కారం ఇంకా ఉండగానే చల్లటిది అరగ్లాసు తాగితే, అప్పుడు దీని పనేంటో తెలుస్తుంది.

బరువు సీసాలు కొనేటప్పుడే రబ్బరు రింగులు విడిగా అరడజను తెప్పించుకోండి. ఇక్కడి వేడికి అవి గట్టిపడి చీలతాయి, పైకి బాగానే కనబడుతూ రాత్రంతా గ్యాసు వదిలేస్తాయి. ట్రంకురోడ్డు ఇనపసామాన్ల కొట్లలో ఆ సైజు వాషర్లు దొరుకుతాయి గానీ, అవి కుళాయిల కోసం చేసిన నల్లరబ్బరువి, వాటి వాసన పానీయానికి పడుతుంది.